తమ్ముళ్ళు కదలకూడదు

ముందు మెత్తగా ఒక చప్పుడు, వెంటనే పొడిగా ఇంకొకటి. మెత్తటిది అరచేతి అంచు కుడి కంట్రోల్ కీ మీద ఆనటం, పొడిది చూపుడువేలు బ్రాకెట్టు కీ మీద పడటం. అంటే అత్త కంప్యూటర్ తెర మీద ఒక వాక్యాన్ని అంచు నుంచి ఒక మెట్టు లోపలికి జరిపింది. జరిగిందా లేదా అన్నది పార్టిషన్ ఇవతల బెంచీ మీద కూర్చున్న నాకు కనపడదు, కానీ ఆ వెంటనే అక్షరాలు మొదలయ్యాయి, జరక్కపోతే అత్త తర్వాతి అక్షరం ముట్టుకోదు, కాబట్టి జరిగింది. పట్టుకున్న ఊపిరి వదిలాను. అది పైకే వినపడినట్టుంది, ఎదురుగా ఫైళ్ళకి దారం కడుతున్న గుమాస్తా తలెత్తి చూసి, మంచినీళ్ళు కావాలామ్మా అని అడిగాడు. వద్దన్నాను. నీళ్ళు తాగితే ఆ గుటకలో ఏదో ఒక చప్పుడు వినకుండా పోతానని.

అత్త అంటే మా నాన్నకి అక్క. ఈ లాయరు గారి దగ్గర ఒప్పందాలు రాయడం ఆవిడ ఉద్యోగం, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే. ఇంట్లో పిల్లలందరం చాటుగా ఫుల్‌స్టాప్ అత్త అనేవాళ్ళం, ఆవిడ మాట్లాడాక ఇంకెవరికీ మాట్లాడటానికి ఏమీ మిగలదు కనక. పోయిన వానాకాలంలో ఎడమవైపు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది. మాట అసలు పోనే లేదు, అది పోయినా మనకి కొన్నాళ్ళు సుఖంగా ఉండేదని చిన్న బాబాయి ఆస్పత్రి వరండాలో అంటే, తలుపు అవతల మంచం మీంచే అత్త తిట్టింది, ఆ తిట్టు విని డాక్టరు చెప్పకముందే మేమంతా కుదుటపడ్డాం. చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళో, బల్ల మీద పెడితే బల్ల మీద ఉంటుంది. లాయరు గారు పొమ్మనలేదు, విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఒప్పందాలు రాసే మనిషికి ఆ మాటకి అర్థం ఇంకొకరు చెప్పక్కర్లేదు. నన్ను ఒక గంట కూర్చోబెట్టి చూడండి, పక్కన ఎవరూ లేకుండా రాసిస్తాను, కోర్టుకి పనికిరాదనిపిస్తే మీరన్నట్టే ఇంట్లో కూర్చుంటాను అంది అత్త. ఆ గంట ఇది. లోపల ఆవిడ ఒక దుకాణం అద్దె ఒప్పందం రాస్తోంది. ఇంట్లో కూర్చోవడం అంటే అత్తకి ఏమిటో, కూర్చున్న ఆ నెలల్లో మేం చూశాం. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, దారినపోయే బస్సుల మీద రాసి ఉన్న ప్రకటనల్లో తప్పులు దిద్దేది.

మళ్ళీ మెత్తనా పొడీ. ఇంకో మెట్టు లోపలికి. ఒప్పందం అంటే జాబితాలో జాబితా. క్లాజు, దాని కింద అంశాలు, అంశం కింద మినహాయింపులు. లోపల రాసింది పైదాని మాట వినాలి అనేది అత్త, నేను ఆవిడ బల్ల కింద కూర్చుని ఆడుకునే రోజుల్లో. అప్పుడు టైపు మిషను. వెనక రేకు ముక్కలుండేవి, అత్త వాటిని వేలితో తోసి ఎక్కడ ఆగాలో ముందే పెట్టుకునేది, ట్యాబ్ నొక్కితే క్యారేజీ జర్రున జరిగి అక్కడ టక్కుమని ఆగేది, బల్ల కింద నా నెత్తి మీద కలప అదిరేది. ఆ అదురు కోసం ఇంకోసారి, ఇంకోసారి అని అడిగేదాన్ని, కాగితం నీ మొగుడు కొంటాడా అనేది. ఇప్పుడు నేను కంప్యూటర్‌లో రాసుకునే ఒక ఎడిటర్ తయారుచేసే కంపెనీలో కీబోర్డు ఆజ్ఞలు చూస్తాను. ఏ కీ నొక్కితే ఏం జరగాలి, అంతే నా పని. మా ఆయన తన స్నేహితులకి చెప్పేటప్పుడు, ఏమీ లేదురా, మా ఆవిడ బటన్లు కుడుతుంది అంటాడు.

జాబితాలో లోపలికి జరగడానికి ట్యాబ్, బయటికి రావడానికి షిఫ్ట్‌తో ట్యాబ్. అందరూ అలాగే పెడతారు, మేమూ అలాగే పెట్టాం. అత్త ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో నా లాప్‌టాప్ ముందు కూర్చుని, కుడి చేతిని ఎడమ చివరికి పంపి ట్యాబ్ నొక్కి, తిరిగొచ్చి రాసి, మళ్ళీ పంపి, అలా ఒక పేజీ అయ్యేసరికి భుజం పట్టుకుంది. చాకలి రేవుకి వెళ్ళొచ్చినట్టుంది అంది. షిఫ్టూ ట్యాబూ కలిపి నొక్కబోతే వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. షిఫ్టుని ఒకసారి నొక్కి వదిలేస్తే నొక్కినట్టే ఉండే సదుపాయం కంప్యూటర్‌లో ఉందని చూపించాను. వద్దంది. గడియ వేశానో లేదో నా చేతికి తెలియాలి, నీ కంప్యూటర్‌కి తెలిస్తే చాలదు అంది. నేను ఆ వారమంతా ఎడమ చెయ్యి కిందేసుకుని కూర్చుని టైపు చేశాను. కుడివైపు ఏమున్నాయో అప్పుడు చూశాను. కంట్రోల్ ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ వాడరు, లాప్‌టాప్‌లు చేసేవాళ్ళు చాలామంది తీసేశారు కూడా. దానికి అందేంత దూరంలో బ్రాకెట్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి. మూసే బ్రాకెట్టుతో లోపలికి, తెరిచే బ్రాకెట్టుతో బయటికి. తలకిందులుగా ఉందేమో, గుర్తుండదేమో అని నేను నసుగుతుంటే అత్తే అంది, ఇందులో గుర్తుపెట్టుకునేదేముందే, తలుపు మూస్తే లోపలున్నట్టు, తెరిస్తే బయటికి పోయినట్టు. అందుకే ఇవాళ చంకలో కీబోర్డు పెట్టుకుని వచ్చాం, మా ఇంట్లో అటక మీదున్న పాతది, రెండు కంట్రోళ్ళూ ఉన్నది. వచ్చీ రాగానే మా ఎడిటర్‌ని ఇక్కడి కంప్యూటర్‌లో ఎక్కించాను. ఎప్పుడో టీ ఒలికి తెరిచే బ్రాకెట్టు మాత్రం నొక్కితే కిర్రుమంటుంది. మార్పించాలనుకున్నాను. మార్పించకపోవడం ఎంత మంచిదైందో బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది, కిర్రు లేకపోతే లోపలికి, కిర్రుమంటే బయటికి. చివరి అంశం అయ్యాక ఎంటర్ రెండుసార్లు కొడితే పై మెట్టు దానంతటదే వస్తుంది, అందుకని ఇంతవరకూ కిర్రుమనలేదు.

కంపెనీలో ఆ ఆజ్ఞకి అత్త కీ అని పేరు పడింది. అత్త కీ ఇవాళ పనిచేయట్లేదు, అత్త కీకి పరీక్ష రాశావా, అత్త కీ నొక్కి చూడు. పెట్టినవాడు గడ్డం. గడ్డం అంటే మా దగ్గర జాబితాల కోడు రాసే అబ్బాయి, గడ్డం తీసేసి చాలా ఏళ్ళయింది, పేరు మాత్రం పెరుగుతూనే ఉంది. ఒక మనిషి కోసం ఒక కీనా అని మొదట అడిగిందీ అతనే, అడిగిన సాయంత్రమే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని రాసి చూసిందీ అతనే. నాకు మాత్రం ఆ రోజుల్లో లోపలికీ బయటికీ తప్ప వేరే మాట లేదు. నిద్రలో లోపలికి జరుగు అని కలవరించానట, మా ఆయన గోడకి అంటుకుపోయి పడుకున్నాడట, కాసేపటికి బయటికి జరుగు అన్నానట, పొద్దున్న లేచి, నేను ఏ మెట్టు మీదున్నానో ఒకసారి చెప్పేస్తే అక్కడే ఉంటాను అన్నాడు.

గుమాస్తా దారం కొరికాడు. లోపల అక్షరాలు ఆగాయి. కాగితం తిప్పిన చప్పుడు. మళ్ళీ మొదలయ్యాయి. సరే. కీ సంగతి ఇంక భయం లేదు, కీ కుదిరింది, ఇప్పటికే ఎన్నిసార్లు నొక్కిందో. నాకు భయం కీ గురించి కాదు. తమ్ముళ్ళ గురించి.

మా పనిలో మాటలే అలాంటివి. పైన ఉన్నది తల్లి, దాని లోపల ఉన్నవి పిల్లలు, ఒకే తల్లి కింద ముందున్నది అన్నో అక్కో, వెనకున్నవి తమ్ముళ్ళు. ఒక అక్క లోపలికి జరిగితే దాని పిల్లలూ దానితోపాటు జరుగుతాయి, అందులో పేచీ లేదు. పేచీ బయటికి వచ్చినప్పుడు. అక్క తల్లిని దాటి బయటికి వచ్చి తల్లి పక్కన నిలబడింది. దాని కింద లోపలగా ఉన్న తమ్ముళ్ళు ఎవరివాళ్ళు? గడ్డం రాసిన కోడులో జవాబు సులువు. లోపలగా ఉన్నది ఏదైనా తన పైన దగ్గర్లో బయట ఉన్నదానికి చెందుతుంది. పైన దగ్గర్లో ఇప్పుడు అక్క ఉంది. కాబట్టి తమ్ముళ్ళు అక్కకి పిల్లలు. ఎవరూ కదలక్కర్లేదు, తెర మీద ఏదీ ఎగరదు, రాసుకునేవాడి కన్ను ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నాకూ నచ్చింది. నాన్న, బాబాయిలూ ఉన్న ఒక ఆదివారం, భోజనాలయ్యాక, అత్త ముందు పెట్టాం. అత్త ఒక పాత ఒప్పందం తీసుకుని రెండో అంశాన్ని బయటికి తీసింది. కిర్రు. తెర వైపు చూసింది. మిగిలిన అంశాలు కొత్త క్లాజు కింద చేరి అంకెలు మార్చుకున్నాయి. అత్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను గడప దాటితే నా తమ్ముళ్ళు నాకు పిల్లలైపోతారటే?"

నాన్న పక్క కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పేపరు దించకుండానే, అయ్యాం కదక్కయ్యా అన్నాడు. బాబాయిలిద్దరూ నవ్వారు. నవ్వాల్సిన మాటే. తాతయ్యా నాయనమ్మా ఒకరి వెనక ఒకరు పోయేటప్పటికి అత్త టైపు మిషను ముందు ఉద్యోగంలో ఉంది, తమ్ముళ్ళు ముగ్గురూ స్కూల్లో ఉన్నారు. ఆ తర్వాత వాళ్ళ ఫీజులూ చొక్కాలూ చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆవిడ టైపు చేసిన కాగితాల్లోంచి వచ్చినవే. ఆవిడకే పెళ్ళి కుదర్చబోతే, ఒప్పందం నేను రాస్తాను, సంతకం పెట్టే ధైర్యం ఉన్నవాణ్ణి తీసుకురండి అనేదట. ఎవరూ రాలేదు, లేక ఎవరినీ రానివ్వలేదు. మేమంతా ఆ కథ వింటూ పెరిగాం, మా ఇంట్లో ఎవరికీ అందులో తెలియనిది లేదు, అందుకే నవ్వాం. అత్త నవ్వలేదు.

"కాలేదురా. నేను కానివ్వలేదు."

నాన్న పేపరు దించాడు. చిన్న బాబాయి నవ్వు ఆపేసి తన అరచేతిలోకి చూసుకున్నాడు, నాకు అది ఇప్పుడు కూడా కనపడుతోంది, ఎందుకంటే తర్వాత వంటింట్లో నీళ్ళు తాగడానికి వచ్చి ఆయనే చెప్పాడు. ఆయనకి అప్పుడు ఒకటో తరగతి. జ్వరంలో ఒకసారి అత్తని అమ్మా అన్నాడట. తడిగుడ్డ వేస్తున్న చెయ్యి ఆగిందట. అమ్మ అమ్మే, నేను అక్కయ్యని, అక్కయ్యా అను, అందట. అనేదాకా గుడ్డ తిప్పలేదట. అప్పుడు కోపం వచ్చిందమ్మా, చాలా ఏళ్ళు ఉంది ఆ కోపం అన్నాడు బాబాయి. ఆవిడ మమ్మల్ని తీసేసుకోలేదు, మా అమ్మ కిందే ఉంచేసి పెంచింది, అది అర్థమయ్యేసరికి నాకు బట్టతల వచ్చింది అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. నేను అక్కడే నిలబడ్డాను. వంటింటి గట్టు మీద నీళ్ళు కారి అంచుదాకా వచ్చి ఆగాయి.

ఆ మర్నాడు గడ్డంతో గొడవ. గొడవ అంటే గొడవ కాదు, అతను బోర్డు మీద గీతలు గీశాడు, నేను చెరిపాను. తమ్ముళ్ళు పాత తల్లి కిందే ఉండాలంటే బయటికొచ్చిన అక్క వాళ్ళందరినీ దాటుకుని కిందికి పోయి నిలబడాలి. అంటే వాక్యం ఉన్నచోటు నుంచి ఎగురుతుంది. రాసేవాడు మాయమైందనుకుంటాడు, గుండె ఆగుతుంది అన్నాడు గడ్డం. అత్త మాట అతనికి చెప్పాను, అమ్మ సంగతి కాదు, ఆ ఆదివారమే ఆవిడ అన్న రెండో మాట, ఒప్పందం సంగతి. వాక్యం పైన ఉందా కింద ఉందా అని జడ్జి చూడడు, ఎవరి కింద ఉందని చూస్తాడు, దావా నిలబడేదీ పడేదీ దాని మీదే అని అత్త చెప్పింది. గడ్డం మార్కరు మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి, సరే ఎగరనీ, కానీ దొంగలా ఎగరకూడదు, అందరూ చూసేలా ఎగరాలి అన్నాడు. కర్సరు దానితోపాటే పోవాలి, దిగినచోట ఆ వాక్యం కాసేపు రంగులో ఉండాలి. అది నాకు తట్టలేదు, అతనికే తట్టింది. కానీ అతను ఇంకో పనిలో ఇరుక్కుని, అది పూర్తయ్యేసరికి నిన్న సాయంత్రం అయింది. అత్త దాన్ని చూడలేదు. దారిలో ఆటోలో చెప్పబోయాను, బయటికి తీస్తే ఇప్పుడు ఏమవుతుందంటే అత్తా అని. పరీక్ష గదికి వెళ్తూ పుస్తకం తెరిచే అలవాటు నాకు లేదే అంది, కిటికీలోంచి ఒక బోర్డు చూసి, ఆ ఒత్తు తప్పు అంది.

చెప్పులు. లాయరు గారి చెప్పులు, నడవా చివరి గదిలోంచి. గుమాస్తా లేచి నిలబడ్డాడు, నేనూ లేచాను. ఆయన నావైపు తల ఊపి పార్టిషన్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. తలుపు పూర్తిగా పడలేదు. ఎంతవరకు వచ్చిందమ్మా అంటున్నారు. అయిపోవచ్చింది, చదువుకోవాలి అంటోంది అత్త. ఒక మార్పుందమ్మా, పార్టీ ఇప్పుడే ఫోన్ చేశాడు. మూడో క్లాజు, మరమ్మతులు, దాని కింద రెండోది ఉంది చూడండి, పైకప్పు సంగతి, దాన్ని విడి క్లాజు చెయ్యాలట. ఆయన వంగి చూస్తున్నట్టున్నారు, మాట గొంతులోంచి కాక వీపులోంచి వస్తోంది. పైకప్పు. మూడులో రెండోది. దాని వెనక ఇంకా ఎన్నున్నాయో, గోడలు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు, అన్నీ తమ్ముళ్ళే. పాత పద్ధతిలో అయితే కరెంటు తీగలు పైకప్పుకి పిల్లలై, పైకప్పు ఎవరు బాగుచేయించాలో వాళ్ళే తీగలూ మార్పించాలి. కొత్త పద్ధతిలో పైకప్పు ఎగిరి కిందికి పోతుంది. ఎగిరిపోయిందనుకుంటే? అత్త దాన్ని మళ్ళీ టైపు చేస్తే? అప్పుడు రెండు పైకప్పులు. వెనక్కి తీసుకునే ఆజ్ఞ, అయ్యో, కంట్రోల్‌తో జెడ్. జెడ్ ఎడమ చివర ఉంది. కుడి కంట్రోల్ నుంచి జెడ్ దాకా ఏ చెయ్యీ చాలదు, ఎడమ కంట్రోల్‌తో అయితే మళ్ళీ చేతిని ఆ చివరికి పంపి వేళ్ళు మెలేసుకోవాలి. ఇన్నాళ్ళూ లోపలికీ బయటికీ తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు, చేసిన తప్పుని ఒంటిచేత్తో వెనక్కి తీసుకోవడం ఎలా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. మౌసు పట్టుకోవచ్చు. లాయరు గారు వెనక నిలబడి ఉండగా అత్త మౌసు కోసం తడుముకోవడం నేను చూడలేను, చూడక్కర్లేదు, పార్టిషన్ ఉంది, వింటాను.

మెత్తటి చప్పుడు. అరచెయ్యి ఆనింది. వేలు పడలేదు. తీశారా అని లాయరు గారు అడగటం లేదు, ఆయనా చూస్తున్నారు. ఆ చెయ్యి ఏం చూస్తోంది, ఆదివారం చూసిందే చూస్తోందేమో, తెరిస్తే తమ్ముళ్ళు వచ్చి మీద పడతారని. తెరువు అత్తా. ఏమీ కాదు. నేనూ గడ్డమూ చూసుకున్నాం. వాళ్ళని పట్టుకుని ఉన్నాం.

కిర్రు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. గుమాస్తా దారపు ఉండ బల్ల మీంచి దొర్లి కిందపడింది, అతను వంగలేదు, అతనూ వింటున్నాడని అప్పుడు తెలిసింది. టైపు మిషను రోజుల్లో అత్త ఒక కాగితం పూర్తిచేసి, పైనుంచి కిందిదాకా చదివి, చివర గొంతులో ఒక ఊఁ అనేది. బాగుందని కాదు. వెళ్ళొచ్చు అని. ఆ ఊఁ వినపడితే బల్ల కిందనుంచి నేను బయటికి రావచ్చు, ఇంటికి వెళ్ళొచ్చు, ఆకలేస్తోందని చెప్పొచ్చు. ఎన్నేళ్ళయిందో విని. ఇప్పుడు వినపడింది. ఊఁ. వెంటనే అక్షరాలు, ఒంటిచేతి అక్షరాలు, తొందరేమీ లేకుండా. బెంచీ మీద కూర్చున్నాను. గుమాస్తా దారపు ఉండ తీసుకుని, మంచినీళ్ళు కావాలామ్మా అన్నాడు మళ్ళీ. ఈసారి తీసుకున్నాను, గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగాను. జెడ్ సంగతి రేపు చూస్తాం, బ్యాక్‌స్పేస్ కుడివైపే ఉంది, కుడి ఆల్ట్ కూడా ఉంది, గడ్డానికి ఇవాళే చెప్పాలి, అతను అత్త కీ టూ అని పేరు పెడతాడు. పెట్టనీ. ప్రింటరు మొదలైంది. ఒకటి, ఇంకొకటి, కాగితాలు ట్రేలో పడుతున్నాయి, ప్రింటరు చప్పుడు ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

లాయరు గారు కాగితాలు పట్టుకుని, చదువుకుంటూనే బయటికి వచ్చారు, చదువుకుంటూనే నడవాలో నడిచారు, తన గది తలుపు దగ్గర ఆగి గుమాస్తాతో, సోమవారం నుంచి అమ్మగారి బల్ల కిటికీ వైపు వేయించు, వెలుతురు కుడివైపు నుంచి పడాలి అన్నారు. అంతే. తలుపు వేసుకున్నారు. అత్త వెనకనే వచ్చింది, ఎడమ చెయ్యి చీర కుచ్చెళ్ళ మీద, కుడి చంకలో కీబోర్డు, వైరు నేలమీద ఈడుస్తూ. నేను వెళ్ళి వైరు ఎత్తి చుట్టాను. కీబోర్డు మాత్రం ఇవ్వలేదు. ముఖంలో ఏమీ లేదు, ఆవిడ ముఖంలో ఎప్పుడూ ఏమీ ఉండదు, చూడాలంటే దవడ కింద చూడాలి, అక్కడ నరం ఒకటి కొట్టుకుంటోంది.

"పైకప్పు బయటికి తీశాను," అంది. "తమ్ముళ్ళు కదల్లేదు."

నేను ఏదో అనబోయాను, ఫోన్ మోగింది. నాన్న. పొద్దున్నుంచీ ఆఫీసులో ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటాడు. ఏమైందే, ఏమంది అక్కయ్య అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పాలి, అది చెప్పబోయి, నోట్లోకి వచ్చింది ఇంకొకటి. తమ్ముళ్ళు కదల్లేదట నాన్నా అన్నాను. అవతల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినపడింది. 

"ఎక్కడికి కదుల్తామే," అన్నాడు నాన్న. వెంటనే, "బాబాయిలకి నేను చెప్తాలే," అన్నాడు.

అత్త అప్పటికే మెట్లు దిగుతోంది, ఒక్కో మెట్టూ కుడి కాలు ముందు పెట్టి. సగంలో ఆగింది, వెనక్కి తిరగలేదు.

"ఎవరే ఫోన్లో, వాడేనా? తిన్నాడో లేదో అడుగు."